బ్రేసెస్ రాక్

అమెరికా చిత్రకారుడు ఫిట్జ్ హెన్రీ లేన్ (1804–1865) మసాచుసెట్స్‌లోని గ్లాస్టర్ తీరాన్ని చూపుతూ సుమారు 1864లో వేసిన తైలవర్ణ చిత్రం. కదలని నీరు, ఒంటరి బండ, విశాలమైన ఆకాశం, కుంచె జాడ తెలియని నునుపు చూస్తే, అంతర్యుద్ధం (1861–65) సాగుతుండగా చిత్రకారుడు కళ్లు మూసుకున్నాడనిపించవచ్చు. ఆ ఆక్షేపణ నిలవదు. ముందుభాగాన ఒడ్డున శిథిలమైన పడవ ఉంది. ప్రశాంతతే కావలసినవాడు దాన్ని తీసేసేవాడు. పడవ నిజంగానే అక్కడ ఉండి ఉండవచ్చు. అయినా ఇదే దృశ్యాన్ని పలుమార్లు వేస్తూ దాన్ని ఉంచుకోవడం ఎంపికే. 1996 నవంబరు తుపాను చూసిన కోనసీమవారు, ఉప్పలగుప్తం మండలంలోని ఎస్.యానాం తీరం నిమ్మళంగా ఉన్నప్పుడు చూసినా, ఈ పడవను అలంకారమనుకోరు. చిత్రం వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌లో ఉంది.