గాటా పునరావృతాలు

జి, ఎ, టి, ఎ అనే నాలుగు క్షారాల వరుస డీఎన్‌ఏలో వెంటవెంటనే మళ్లీమళ్లీ వచ్చే భాగాలను గాటా పునరావృతాలంటారు. లింగ క్రోమోజోమ్‌ల అధ్యయనంలో వెలుగులోకి వచ్చిన ఇవి డీఎన్‌ఏ వేలిముద్రలకు సాధనమయ్యాయి. జన్యువుల అనులేఖనాన్ని అదుపుచేసే క్రొమాటిన్ సరిహద్దులుగానూ పనిచేస్తాయని హైదరాబాద్‌లోని సెంటర్ ఫర్ సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీ (సీసీఎంబీ) శాస్త్రవేత్తలు 2013లో చూపారు.

నేపథ్యం

మనిషి కణంలో సుమారు 2 మీటర్ల డీఎన్‌ఏ కేంద్రకంలో ఇమిడి ఉంటుంది. దాదాపు 147 క్షార జంటల పొడవు హిస్టోన్ ప్రొటీన్ల చుట్టూ చుట్టుకుంటే ఒక న్యూక్లియోజోమ్ అవుతుంది. ఈ న్యూక్లియోజోమ్‌ల వరుసే క్రొమాటిన్. అది బిగుసుకున్నచోట జన్యువును ఆర్‌ఎన్‌ఏగా అనులేఖనం చేసే ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ ఎంజైముకు ఆ జన్యువు సులువుగా అందదు.

కట్లపాము నుంచి వేలిముద్రల దాకా

1980 ప్రాంతంలో ఎడిన్‌బరోలో లింగ క్రోమోజోమ్‌లను అధ్యయనం చేస్తున్న లాల్జీ సింగ్ బృందం పసుపు, నలుపు పట్టల కట్లపాము డీఎన్‌ఏ నుంచి 'బీకేఎం' అనే భాగాన్ని వేరుచేసింది. అందులో గాటా వరుసలు విస్తారంగా ఉన్నాయి. తర్వాత సీసీఎంబీకి వచ్చిన సింగ్, దాన్నే ప్రోబ్‌గా వాడి వేలిముద్రల పద్ధతిని రూపొందించారు. ఈ వరుస ఎన్నిసార్లు వస్తుందన్నది మనిషి మనిషికీ మారడమే ఆ పద్ధతికి ఆధారం.

కేంద్రకంలో అమరిక

అనులేఖనానికి క్రొమాటిన్ ఒక్కటే కాదు, కేంద్రకంలోని అమరిక కూడా ముఖ్యమే. సీసీఎంబీలోనే వీణా పర్ణాయిక్ బృందం ఈ కోణంలో కేంద్రకాన్ని పరిశీలించింది. కేంద్రకపు చట్రంలో భాగమైన లామిన్ ప్రొటీన్ చుక్కలు, ఆర్‌ఎన్‌ఏను కత్తిరించి అతికే స్ప్లైసింగ్ కారకాలు ఒకేచోట కనిపిస్తాయని 1999లో ప్రకటించింది. లామిన్ చుక్కలు చెదిరితే స్ప్లైసింగ్ కారకాల గుంపులూ చెదురుతాయనీ, అనులేఖనమూ తగ్గుతుందనీ 2002లో తేల్చింది.

సరిహద్దుగా గుర్తింపు

గాటా వరుసలకు క్రొమాటిన్ అమరికలో పాత్ర ఉండవచ్చని సుబ్రమణియన్, రాకేశ్ మిశ్రా, లాల్జీ సింగ్ 2003లో సూచించారు. పదేళ్లకు మిశ్రా బృందం దీన్ని డ్రోసోఫిలా ఈగల్లో, మానవ కణాల్లో పరీక్షించింది. జన్యువును ప్రేరేపించే ఎన్‌హాన్సర్‌కూ ఆ జన్యువుకూ నడుమ గాటా వరుస ఉంటే, ఒక చేని నీరు పక్క చేలోకి పోకుండా గట్టు ఆపినట్టు, ప్రేరణ అవతలికి చేరదని తేలింది.

ప్రాముఖ్యం

మానవ జీనోమ్‌లో ఇలాంటి సరళ పునరావృతాలు సుమారు 3 శాతం. ప్రొటీన్ల సమాచారం లేదన్న కారణంగా చాలాకాలం వీటిని పనికిరాని డీఎన్‌ఏగా లెక్కగట్టారు. వాటిలో కొన్నింటికైనా జన్యు నియంత్రణలో పని ఉందనడానికి గాటా ఒక ప్రయోగపూర్వక నిదర్శనం.