ఫ్రిజ్ తలుపు తెరిచినప్పుడు

రాత్రి పన్నెండు దాటాక "ఒక్కటి చూసి పడుకుందాం" అనుకుని మొదలుపెట్టే వీడియోల్లో నాకైతే గోర్డన్ రామ్సేవే ముందుంటాయి. అమెరికాలో ఏదో ఊళ్ళో ఒక రెస్టారెంట్. ఎప్పుడో తీసిన ఎపిసోడ్, ఆ రెస్టారెంట్ ఈపాటికి మూతపడే ఉంటుంది. అయినా అతను వంటింట్లోకి దూరి పెద్ద ఫ్రిజ్ తలుపు లాగే క్షణం కోసం కాచుకుని కూచుంటాం. లోపల బూజు పట్టిన సాస్, వండిన మాంసం పక్కనే పచ్చి మాంసం. "నేననుకున్నా!" అంటాం, ముందే తెలిసినట్టు.

ఈ తలుపు మొదట తెరుచుకున్నది 2004 ఏప్రిల్‌లో, బ్రిటన్ చానెల్ 4లో. వెస్ట్ యార్క్‌షైర్‌లోని సిల్స్‌డెన్ అనే చిన్న ఊళ్ళో బోనపార్ట్స్ అనే రెస్టారెంట్. చెఫ్‌కి ఇరవయ్యొక్కేళ్ళు. పెద్ద పెద్ద వంటకాల మీద ఆశ ఉంది గానీ, ఆమ్లెట్ వేయమంటే చేతకాలేదు. అతను పెట్టిన స్కాలప్స్ కుళ్ళిపోయి ఉన్నాయి. తిన్న రామ్సే వాంతి చేసుకున్నాడు. ఇదంతా కావాలని అల్లిన నాటకం అని లండన్ ఈవెనింగ్ స్టాండర్డ్ రాస్తే రామ్సే పరువునష్టం దావా వేసి, 2006లో 75,000 పౌండ్ల పరిహారం గెలిచాడు. అతని పరువు నిలబడింది. బోనపార్ట్స్ మాత్రం నిలబడలేదు.

నిజానికి మునిగే వ్యాపారానికి పెద్దమనిషి వచ్చి బుద్ధి చెప్పడం బ్రిటిష్ టీవీకి కొత్తేం కాదు. 1990లో బీబీసీలో 'ట్రబుల్‌షూటర్' వచ్చింది. రసాయనాల దిగ్గజం ఐసీఐకి ఛైర్మన్‌గా చేసి రిటైరైన సర్ జాన్ హార్వే-జోన్స్ కంపెనీలకు వెళ్ళి సలహాలు చెప్పేవాడు. మోర్గన్ అని, చేత్తో కార్లు తయారుచేసే కంపెనీ ఒకటుంది, అప్పట్లో అది కుటుంబ కంపెనీ. ఆ రోజుల్లో కారు బుక్ చేసుకుంటే ఏళ్ళ తరబడి ఆగాల్సొచ్చేది. పద్ధతులు మార్చండి, ఉత్పత్తి పెంచండి అన్నాడాయన. వాళ్ళు విన్నారు, వద్దన్నారు. మోర్గన్ ఇవాళ్టికీ కార్లు తయారుచేస్తూనే ఉంది.

నాకు ఇక్కడే చరిత్ర మలుపు తిరిగిందనిపిస్తుంది. 1990లో యజమాని "వద్దు" అనడం ఒక అభిప్రాయం. రామ్సే వచ్చాక అదే రోగం. అసలు ఎపిసోడ్ నడిచేదే ఆ "వద్దు" మీద: యజమాని మొండికేయాలి, తిట్లు తినాలి, ఏడవాలి, ఒప్పుకోవాలి. 2013లో అరిజోనాలోని స్కాట్స్‌డేల్‌లో ఏమీస్ బేకింగ్ కంపెనీ యజమానులు చివరిదాకా ఒప్పుకోలేదు. రామ్సే మధ్యలోనే వదిలేసి వెళ్ళిపోయాడు. వాళ్ళు ఇంటర్నెట్ మొత్తానికీ నవ్వులపాలయ్యారు. జనం ఇప్పటికీ ఎక్కువగా తలుచుకునేది ఆ ఎపిసోడ్‌నే.

అమెరికన్ వెర్షన్ ఫాక్స్‌లో 2007 సెప్టెంబర్‌లో మొదలైంది. బ్రిటిష్‌దానిలో రామ్సే కాస్త తీరిగ్గా ఖర్చుల లెక్క కూడా మాట్లాడతాడు. ఇక్కడ గుండె అదిరే మ్యూజిక్, రాత్రికి రాత్రి మారిపోయే గోడలు, కుర్చీలు. మొదటి సీజన్‌లో న్యూయార్క్‌లోని డిల్లన్స్ అనే చోటికి వెళ్ళాడు. అమెరికన్, ఐరిష్, ఇండియన్, అన్నీ ఒకే మెనూలో. మిగతావి తీసేసి ఇండియన్ ఒక్కటే ఉంచి, పేరు పూర్ణిమ అని మార్చారు. అక్కడ సాయానికి వచ్చిన చెఫ్ వికాస్ ఖన్నా. తర్వాత మాస్టర్‌చెఫ్ ఇండియాలో మనం చూసిన ఆయనే. ఆయన ఎక్కడికో వెళ్ళిపోయాడు. పూర్ణిమ కొన్నాళ్ళకే మూతపడింది.

ఈ షో రెండో సీజన్ నడుస్తుండగానే లేమన్ బ్రదర్స్ కూలింది. ఇల్లు తాకట్టు పెట్టి రెస్టారెంట్ నడుపుతున్నాం అని ఆ షోలో యజమానులు చెప్పడం మామూలు. ఆ మాట వినగానే కెమెరా వాళ్ళ కళ్ళనీళ్ళ మీదికి వెళ్తుంది, బ్యాంకు మీదికి వెళ్ళదు. వెళ్ళినా చూపించడానికేముంది? వడ్డీకి బూజు పట్టదు కదా. దేశమంతా ఎందుకు మునిగిందో ఎవరికీ సరిగ్గా అర్థంకాని రోజుల్లో, మునగడానికి కారణం ఇదిగో, ఈ ఫ్రిజ్‌లో ఉంది, వారంలో కడిగేయొచ్చు అని చెప్పడం ఎంత ఊరట!

రెస్టారెంట్లు మొదటి ఏడాదే నూటికి తొంభై మూతపడతాయనే మాట అప్పట్లో బాగా తిరిగేది. హెచ్.జి. పార్సా బృందం ఒహాయోలోని కొలంబస్ నగరంలో లెక్కలు తీసి 2005లో ప్రచురించింది. మొదటి ఏడాదిలో దాదాపు 26 శాతం, మూడేళ్ళలో దాదాపు 60 శాతం అని తేలింది. ఓడిపోయిన యజమానుల్ని కదిలిస్తే ఇల్లూ పిల్లల గొడవే ఎక్కువగా బయటపడింది, వ్యాపారానికీ కుటుంబానికీ మధ్య నలిగిపోవడం.

మరి రామ్సే? 2008 సంక్షోభం తర్వాత అతని సొంత కంపెనీయే అప్పుల్లో కూరుకుపోయి దివాళా అంచుదాకా వెళ్ళింది. రామ్సే, అతని మామగారు సొంత డబ్బు పోసి నిలబెట్టుకున్నారు. ప్రాగ్‌లోని అతని 'మేజ్' 2009లో మూతపడింది. అక్కడ ఎవరూ ఫ్రిజ్ తలుపు తీసి అరిచినట్టు లేదు.

మా వీధి చివర ఒక టిఫిన్ సెంటర్ ఉండేది. సాంబారు నీళ్ళలా ఉంటోందని ఒక్కొక్కరం మానేశాం. "ఆయనకి శ్రద్ధ తగ్గిందండీ" అని మాలో మేం తీర్పు కూడా ఇచ్చేశాం. షట్టర్ మీద టు-లెట్ కాగితం అంటించాక, పక్కనున్న జిరాక్స్ షాపాయన చెప్పాడు: ముందు అద్దె పెరిగిందట, సాంబారు పల్చబడింది ఆ తర్వాతేనట.