మందుల చరిత్ర – 6: అమీర్‌పేట మాత్ర ఎవరి బిడ్డ మింగింది?

అమీర్‌పేట అనగానే మనకి మైత్రీవనం, జావా కోచింగ్, ఒక్క గదిలో ఆరు మంచాల హాస్టల్ గుర్తొస్తాయి. మందుల చరిత్రలోనూ ఈ పేటకి చోటుంది. ఐడీపీఎల్‌లో పనిచేసి బయటికొచ్చిన కల్లం అంజిరెడ్డి 1984లో పెట్టిన డాక్టర్ రెడ్డీస్ కంపెనీ, 2001లో అమీర్‌పేట చిరునామాతోనే న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజి ఎక్కింది. అదే ఏడాది ఆగస్టులో ఫ్లుయోక్సెటిన్ 40 మిల్లీగ్రాముల క్యాప్సూల్‌ని అమెరికాలో దించింది. ప్రొజాక్ పేరు వినే ఉంటారు, దాని జనరిక్ ఇది. 180 రోజులపాటు పోటీ లేకుండా జనరిక్ అమ్ముకునే హక్కు అక్కడ ఒక భారతీయ కంపెనీకి దక్కడం అదే మొదలు. తెలుగువాళ్లు గర్వంగా చెప్పుకునే కథ. చెప్పుకోండి, చవక మందు పేదోడికి మంచిదే. ఆ మాత్రలు మింగినవాళ్ల కథ మాత్రం ఎవరూ చెప్పరు.

2011 అక్టోబరులో అదే కంపెనీ ఒలాంజపిన్ 20 మిల్లీగ్రాముల మాత్రని అమెరికాలో విడుదల చేసింది. ఇది సైకోసిస్ మందు. రెండు నెలలు తిరక్కముందే, డిసెంబర్ 1న, అక్కడి ప్రభుత్వ తనిఖీ సంస్థ జీఏఓ సెనేట్ ముందు ఒక లెక్క పెట్టింది. ఫ్లోరిడా, మసాచుసెట్స్, మిషిగన్, ఒరెగాన్, టెక్సస్ రాష్ట్రాల 2008 లెక్క అది. కన్నవాళ్ల దగ్గర్నుంచి తీసుకెళ్లి ప్రభుత్వం వేరే ఇళ్లలో ఉంచిన పిల్లలకి, మెడికెయిడ్‌లోని మిగతా పేద పిల్లలకంటే 2.7 నుంచి 4.5 రెట్లు ఎక్కువగా మానసిక మందులు రాశారు. వందల మందికి ఒకేసారి ఐదు, అంతకన్నా ఎక్కువ. ఇలా ప్రభుత్వం చేతిలో పడే పిల్లల్లో నల్లజాతి పిల్లలు జనాభాలో తమ వాటాని మించి ఉంటారని వేరే చెప్పాలా?

ఆ పిల్లలు పడ్డ దెబ్బలు ఎక్కువ, అందుకే మందులూ ఎక్కువ అనొచ్చు. జీఏఓ కూడా ఆ మాట ఒప్పుకుంది. కానీ ఐదు మందులు కలిపి ఇవ్వడానికి పిల్లల్లోనే కాదు, పెద్దల్లో కూడా ఆధారం లేదని అది సంప్రదించిన నిపుణులే చెప్పారు.

ఐదు దాకా ఎలా పోతుంది? బడిలో కుదురుగా కూర్చోడని ఒకటి. దానితో నిద్ర చెడితే నిద్రకి ఇంకొకటి. కోపానికి రిస్పెరిడోన్. దానివల్ల చేతులు వణికితే పేసిటేన్. ఒళ్లొచ్చి, మబ్బుగా ఉండి, దిగులుపడితే దిగులుకి ఇంకోటి. మూడో చీటీ రాసేటప్పటికి ఏది పిల్లాడి బాధో, ఏది మందు చేసిన పనో రాసేవాడికీ తెలియదు.

ఈ అలవాటు నేర్పింది మాత్రం జనరిక్ కంపెనీలు కాదు. అనుమతి లేని వాడకాలకి ఒలాంజపిన్‌ని ప్రచారం చేసినందుకు దాని అసలు యజమాని ఎలై లిల్లీ 2009లో 141.5 కోట్ల డాలర్లు కట్టింది. జాన్సన్ అండ్ జాన్సన్ 2013లో 220 కోట్ల డాలర్లకి పైగా కట్టడానికి ఒప్పుకుంది. అందులో రిస్పెరిడోన్‌ని పిల్లలకి అంటగట్టారన్న ఆరోపణ కూడా ఉంది.

ఇక మన దగ్గరికి రండి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017, సెక్షన్ 95: మైనర్‌కి కరెంటు షాక్ ఇవ్వాలంటే సంరక్షకుల సమ్మతి, రివ్యూ బోర్డు ముందస్తు అనుమతి రెండూ కావాలి. నాలుగు మాత్రలు కలిపి రాయడానికి అలాంటి షరతు లేదు. చదువుకున్న తల్లిదండ్రులున్న బిడ్డకి పంజగుట్టలో ఇంకో డాక్టర్ దొరుకుతాడు. తల్లి నారాయణఖేడ్‌లో కూలికి పోతూ, బిడ్డ సంక్షేమ హాస్టల్‌లో ఉంటే ఆ చీటీ చదివేదెవరు?

హాస్టళ్లలో పనిచేసే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, అలాంటి చీటీ మీ చేతికొస్తే డాక్టర్‌ని అడగండి: ఏ మాత్ర దేనికి, ఏది ఇంకో మాత్ర వల్ల వచ్చిన ఇబ్బందికి, ఎప్పుడు తగ్గిస్తారు? మీ అంతట మీరు మాత్రం ఆపించొద్దు. కొన్ని మందులు హఠాత్తుగా ఆపితే ప్రాణం మీదకొస్తుంది.

వచ్చే భాగంలో ఎర్రగడ్డ ఆస్పత్రి: జాల్నా నుంచి ఇక్కడికెలా వచ్చిందో.