జీతమెంత అని అడిగితే తప్పా?

పరాయి దేశంలో ఇద్దరు తెలుగువాళ్ళు కలిస్తే, మొదటి ప్రశ్న ‘మీదే ఊరు?’. నాలుగోదో ఐదోదో ‘ప్యాకేజీ ఎంతేంటి?’. వెల్లింగ్టన్‌లో మాత్రం మార్నింగ్ టీ దగ్గర రగ్బీ, వాన, పిల్లల స్కూళ్ళు, ఇళ్ళ ధరలు అన్నీ నడుస్తాయి గానీ జీతం మాట రాదు. బీమా కంపెనీలకు ప్రోగ్రాములు రాస్తూ చాలాకాలంగా యాక్చువరీల మధ్య కూర్చుంటున్నాను కాబట్టి ఇది మరీ వింతగా ఉంటుంది నాకు. ఎవరు ఎన్నేళ్ళు బతుకుతారో, దానికి ఎంత కట్టాలో లెక్కగట్టే వాళ్ళు పక్క కుర్చీ జీతం దగ్గరకొచ్చేసరికి మౌనవ్రతం పడతారు!

ఈ మౌనం ఇక్కడ తరతరాలుగా వస్తున్న మర్యాద అనుకునేవాణ్ణి. చరిత్ర చూస్తే అలా లేదు.

న్యూజీలాండ్‌లో జీవిత బీమా పెద్దఎత్తున మొదలుపెట్టింది ప్రభుత్వమే. జూలియస్ వోగెల్ ఖజానా మంత్రిగా ఉన్న రోజుల్లో, 1869 చట్టంతో, గవర్నమెంట్ లైఫ్ ఆఫీసు పుట్టింది (తరువాత ఇదే టవర్ అయింది). ప్రభుత్వోద్యోగుల పేరు, హోదా, జీతం జాబితాలుగా అచ్చయ్యేవి. ఇప్పుడు తాతల వివరాలు వెతుక్కునేవాళ్ళు వాటినే తిరగేస్తుంటారు. ఎవరిదెంతో దాచడానికేం లేదు.

అలాగని న్యాయం ఉందని కాదు. ఆడవాళ్ళకు వేరే స్కేలు, తక్కువ స్కేలు. కానీ అన్యాయం కాగితం మీద కనబడేది. కనబడితే నిలదీయొచ్చు. 1960లో ప్రభుత్వోద్యోగాల్లో సమాన వేతన చట్టం వచ్చింది, ప్రైవేటుకు 1972లో.

మన దగ్గరా ఇలాంటిదే ఒకటి జరిగింది, జీతాల్లో కాదు, ప్రీమియంలో. 1818లో కలకత్తాలో మొదలైన ఓరియంటల్ కంపెనీ కాలం నుంచీ భారతీయుల ప్రాణానికి తెల్లవాళ్ళ కన్నా ఎక్కువ ప్రీమియం గుంజేవారు. రేటు తెలుసు కాబట్టే 1870లో బొంబాయి మ్యూచువల్ ‘మనవాళ్ళకూ మామూలు రేటే’ అని నిలబడగలిగింది. మన బందరులో పట్టాభి సీతారామయ్యగారు 1923లో ఆంధ్రా బ్యాంకు పెట్టి, రెండేళ్ళకే ఆంధ్రా ఇన్సూరెన్స్ కూడా పెట్టారు. 1956లో 245 సంస్థలు కలిసిపోయి ఎల్ఐసీ అయ్యాక జీతం రహస్యమేముంది? పక్కింటి ఎల్ఐసీ బాబాయిగారి బేసిక్కూ, డీఏ మా వీధి వీధికీ తెలుసు. పెళ్ళి సంబంధాలు ఆ లెక్క మీదే కుదిరేవి :-)

ఇక్కడ మౌనం చిక్కబడింది 1991 తరువాతే అని నా అభిప్రాయం. ఆ ఏడు ఎంప్లాయ్‌మెంట్ కాంట్రాక్ట్స్ చట్టం వచ్చి, యూనియన్లు బేరమాడి తెచ్చిన ఉమ్మడి రేట్ల పద్ధతిని పడగొట్టింది. ఎవరి ఒప్పందం వారిది, ఎవరి జీతం వారి గుట్టు. యాక్చువరీల్లో ఇది ఇంకా తికమక. ఏళ్ళ తరబడి పరీక్షలు రాస్తూనే ఉద్యోగం చేస్తారు, పేపరు పాసైనప్పుడల్లా జీతం పెరగడం మామూలు. అందువల్ల ఒకే గదిలో ఒకే పనిచేసే ఇద్దరి మధ్య తేడా పరీక్షలదా, బేరమాడటం రాకపోవడానిదా అన్నది బయటివాడికి తెలీదు. బొంబాయి నుంచో హైదరాబాదు నుంచో కొత్తగా దిగినవాళ్ళు, మొదటి అంకె రూపాయల్లోకి మార్చుకుని మురిసిపోయి సంతకం పెట్టేస్తారు. ఆక్లండ్‌లో ఇంటి అద్దె రూపాయల్లోకి మార్చుకునేది తరువాతెప్పుడో.

2025లో పార్లమెంటు ఇంకో చట్టం చేసింది. జీతం గురించి మాట్లాడినందుకో, తోటివారిని అడిగినందుకో యజమాని కక్ష కడితే, ఉద్యోగి ఫిర్యాదు చెయ్యొచ్చు. అడిగితే చెప్పి తీరాలని మాత్రం ఎవర్నీ బలవంతపెట్టదు.

మా ఆఫీసులో టీ దగ్గర ఇంకా వానే నడుస్తోంది. ఈమధ్య కొత్తగా చేరిన తెలుగు కుర్రాడొకడు, నాలుగు పేపర్లు పాసైనవాడు, లిఫ్టులో గొంతు తగ్గించి ‘అన్నా, ఇక్కడ నా లెవెల్‌కి ఎంతిస్తారు?’ అన్నాడు. నాకు తెలిసిన అంకెలు చెప్పాను, నాదీ చెప్పాను.