కారు ఫ్యాన్ బెల్టు: ఇంటివద్దనే మార్చుకొను విధానం

నడుస్తున్న కారులో బ్యాటరీ గుర్తుగల ఎర్రదీపం ఉన్నట్టుండి వెలిగి, కొద్దిసేపటికే వేడిని చూపే ముల్లు పైకి ఎగబ్రాకితే ఫ్యాన్ బెల్టు తెగినట్లు భావించి వెంటనే బండి ఆపాలి. మారుతి 800, ఆమ్నీ వాహనాలలో ఆల్టర్నేటరును, ఇంజనును చల్లబరచే నీటి పంపును త్రిప్పేది ఈ ఒక్క బెల్టే. ఊరు దగ్గరే కదా అని అలాగే నడిపితే హెడ్ గ్యాస్కెట్ కాలిపోయి, స్వల్ప ఖర్చుతో తీరే పని వేల రూపాయలకు చేరుతుంది.

మారుతి 800 తయారీ 2014లోను, ఆమ్నీ తయారీ 2019లోను ఆగిపోయినా పల్లెలలో ఇవి నేటికీ తిరుగుతున్నాయి. అంబాసిడరులో, పాత జీపులలో ఈ బెల్టు రేడియేటరు ఫ్యానును కూడా త్రిప్పేది. మారుతిలో ఫ్యానుకు వేరే కరెంటు మోటారు ఉన్నది. అయినను పాత పేరే నిలిచింది. హోసూరు దుకాణంలోనైనా, బళ్ళారిలోనైనా ఆ మాటే చెల్లుతుంది. టైమింగ్ బెల్టు మాత్రం వేరు. పండ్లుగల ఆ బెల్టు ఇంజను ప్రక్కన మూతలోపల ఉంటుంది. అమరికలో ఒక్క పన్ను తప్పినా ఇంజను సరిగా నడవదు గనుక దానిని మెకానిక్కుకే విడవాలి.

ఇంజను పూర్తిగా చల్లారిన తరువాత తాళంచెవి తీసి, బ్యాటరీ నెగటివ్ తీగను విప్పాలి. ఆమ్నీలో ఇంజను ముందు సీట్ల క్రింద ఉంటుంది. బండి క్రింద దూరవలసి వస్తే జాకీని మాత్రమే నమ్మరాదు. ఆల్టర్నేటరు క్రింది బోల్టును, గాడిలో జరిగే పై బోల్టును పానాతో వదులు చేసి, ఆల్టర్నేటరును ఇంజను వైపు నెట్టితే బెల్టు సడలి చేతికి వస్తుంది. ఏసీ ఉన్న బండిలో దాని బెల్టు అడ్డు వస్తే ముందుగా దానిని తీయాలి.

పాత బెల్టును దుకాణానికి తీసుకొనిపోయి, దానిపై నంబరుతో సరిచూసి క్రొత్తది కొనాలి. బిగించేముందు నీటి పంపు చక్రాన్ని చేతితో కదిపి చూడాలి. అది ఊగినా, అక్కడ నీరు కారినా క్రొత్త బెల్టు ఎక్కువకాలం నిలవదు. కీచుమనే బెల్టుకు సబ్బు రుద్దే అలవాటు కొందరికి ఉన్నది, అది వృథా.

క్రొత్త బెల్టును స్క్రూడ్రైవరుతో పొడిచి ఎక్కించరాదు, అంచు చిట్లుతుంది. మూడు చక్రాల గాళ్ళలో కూర్చుండబెట్టి, ఆల్టర్నేటరును కర్రతో వెలుపలికి లాగిపట్టి బోల్టులు బిగించాలి. రెండు చక్రాల నడుమ బొటనవ్రేలితో గట్టిగా నొక్కితే సుమారు 6 నుండి 9 మిల్లీమీటర్లు దిగాలి. మరీ బిగిస్తే పంపు, ఆల్టర్నేటరు బేరింగులు చెడుతాయి. క్రొత్త బెల్టు మొదట కొంత సాగుతుంది గనుక రెండు మూడు రోజులు తిరిగిన పిమ్మట మరల నొక్కిచూడాలి. తెగకుండానే మార్చిన పాత బెల్టును, పానాలతోపాటు డిక్కీలో ఉంచుకొనవచ్చును.