క్రీస్తు చరిత్ర (జాషువా కావ్యం)

క్రీస్తు చరిత్ర గుర్రం జాషువా (1895–1971) ఏసుక్రీస్తు జీవితాన్ని తెలుగు పద్యంలో చెప్పిన కావ్యం. దీనికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. జాషువా 1895 సెప్టెంబరు 28న వినుకొండలో క్రైస్తవ కుటుంబంలో పుట్టాడు.

తెలుగు కావ్య సంప్రదాయంలో నాయకుడు సాధారణంగా రాజు, అవతారపురుషుడు లేదా యోధుడు. ఇక్కడి నాయకుడు ఆయుధం పట్టడు. క్షమ, కరుణ, శిలువపై మరణం అతని పరాక్రమం. పాశ్చాత్య సాహిత్యంలో వీరగాథకూ క్రైస్తవ ఆదర్శానికీ మధ్య ఇదే రాపిడి మిల్టన్ ‘పారడైజ్ లాస్ట్’ (1667) నుంచి టోల్కీన్ నవలల దాకా కనిపిస్తుంది. టోల్కీన్ కథలో లోకాన్ని కాపాడే భారం పడేది మహావీరుడి మీద కాదు, హాబిట్ అనే చిన్న జీవి మీద.

అణగారినవాణ్ణి నాయకుడిగా నిలపడం జాషువాకు కొత్త కాదు. ‘ఫిరదౌసి’ (1932)లో వీరగాథ ‘షానామా’ రాసిన కవినే, అతణ్ణి మోసగించిన సుల్తాను ఎదుట నిలిపాడు. ‘గబ్బిలం’ (1941)లో గుడిలోకి ప్రవేశం లేని దళితుడు తన మొర కాశీ విశ్వనాథుడికి చేర్చమని, అడ్డులేకుండా గుడిలోకి వెళ్లగల గబ్బిలాన్ని వేడుకుంటాడు. మేఘంతో కబురు పంపే ‘మేఘసందేశం’ కావ్యపు చట్రాన్ని ఇంత పదునుగా తిప్పిన తెలుగు కావ్యం మరొకటి అరుదు. క్రీస్తు చరిత్రను ‘ఫిరదౌసి’, ‘గబ్బిలం’ల పక్కన పెట్టి చదవాలి.

జాషువాకు 1970లో పద్మభూషణ్ లభించింది. 1971 జూలై 24న గుంటూరులో మరణించాడు.