పిప్పిలో మిగిలిన తీపి

మనలో ఎక్సైజు శాఖలో పనిచేసిన వారికి హైడ్రోమీటరు కొత్త కాదు. సారా బలం కొలవడానికి నేనూ ఏళ్ల తరబడి దాన్ని పట్టుకు తిరిగాను. దానికి తోబుట్టువు వంటి శాకరోమీటరు కథ మాత్రం పదవీ విరమణ తర్వాతే చదివి తెలుసుకున్నాను.

బీరుకు మూలం మాల్టు, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ. దాన్ని మరపట్టి వేడినీళ్లలో నానబెడితే అందులోని పిండి చక్కెరగా మారుతుంది. పూర్వం ఇంగ్లండులో ఆ తీపి రసాన్ని వార్చి, అదే పిప్పిపై రెండు మూడుసార్లు నీళ్లు పోసి, ఒక్కో రసంతో ఒక్కో బీరు కాచేవారు. 1784లో హల్ పట్టణవాసి జాన్ రిచర్డ్‌సన్ శాకరోమీటరుపై పుస్తకం ప్రచురించాడు. రసంలోకి ఎంత సారం దిగిందో అంకెల్లో చూసుకునే వీలు కలిగింది. మాల్టుపై 1697 నుంచే పన్ను ఉంది. అంటే పిప్పిలో పారబోసిన తీపికీ పన్ను కట్టినట్టే!

స్కాట్లండు వారు ఒక్కసారే నానబెట్టి, పైనుంచి వేడినీళ్లు జల్లులా చల్లుతూ కిందనుంచి రసం తీశారు. అదే స్పార్జింగ్. లాటిన్ మూలపదానికి చల్లడమని అర్థం. 19వ శతాబ్దంలో అది ఇంగ్లండుకూ పాకింది. 1880లో గ్లాడ్‌స్టన్ మాల్టు పన్ను ఎత్తివేసి సుంకాన్ని రసం గాఢతతో ముడిపెట్టాడు.

1963లో బ్రిటన్‌లో ఇంటి బీరుకు లైసెన్సు అక్కర్లేకుండా పోయింది. చల్లే సరంజామా లేని ఇళ్లలో చాలామంది నీళ్లు పోసి, కలిపి, వార్చేస్తారు. ఇక్కడో చిన్న లెక్క. 30 లీటర్ల రసంలో 3 కిలోల చక్కెర ఉందనుకోండి. 20 లీటర్లు వారిస్తే పిప్పి పట్టుకున్న 10 లీటర్లలో కిలో చక్కెర మిగులుతుంది. మరో 20 లీటర్ల నీళ్లు ఒకేసారి పోసి వారిస్తే పిప్పిలో సుమారు 333 గ్రాములు మిగులుతుంది. అవే నీళ్లు 10 లీటర్ల చొప్పున రెండుసార్లు పోస్తే మిగిలేది 250 గ్రాములే. నీళ్లు అవే, ఫలితం వేరు.

చింతపండు పులుసు తీసే మన ఆడవాళ్లకు ఈ లెక్క ఎవరూ చెప్పనక్కర్లేదు. కొంచెం కొంచెం నీళ్లతోనే పిసుకుతారు.

అయితే దీనికీ హద్దుంది. చివరి రసం మరీ పలచబడ్డాక, లేదా 77 డిగ్రీలు దాటిన నీళ్లతో ఇంకా తీయబోతే పొట్టులోని వగరు దిగుతుంది. పీల్చి పిప్పి చేస్తే బీరే పాడవుతుంది.

ఇది చరిత్ర కోసం రాసిందే సుమా! మన దగ్గర లైసెన్సు లేకుండా కాయడం నేరమని మన శాఖ వారికి నేను చెప్పాలా?